మన్నించానని రాసిన కాగితం
(పదకొండో భాగం)

ముందుగా చదివేవాళ్ళకు ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు. పత్రికవాళ్ళు ఓపికగా దిద్దుతున్నా కొన్ని జారిపోతున్నాయి. పేజీ నిండడానికి నాకు రెండు పూటలు పడుతుంది, అందుకే పోయిన భాగం వారం ఆలస్యమైంది. కోప్పడకుండా ఎదురుచూశారు, సంతోషం.

కథ ఎక్కడ ఆగిందో చెప్తాను. సిసిలీ తీరంలో మర్సావెక్కియా రేవు. ట్యునీసియా నుంచి వచ్చి ఇక్కడి చేపల పడవల్లో పనిచేసి, సముద్రంలోనే పోయిన తీజానీ భార్య మబ్రూకా. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నజ్లా ఈ ఊరి ఆసుపత్రిలోనే పుట్టింది. ఈ గడ్డ మీద పుట్టిన పరాయివాళ్ళ బిడ్డ పద్దెనిమిదేళ్ళు నిండేదాకా మధ్యలో తెగకుండా ఇక్కడే ఉన్నట్టు పట్టణ రిజిస్టరు చెప్తే, పంతొమ్మిది నిండేలోగా వెళ్ళి పౌరసత్వం అడగవచ్చు. ఆ రోజు దాటితే ఆ తలుపు మూసుకుంటుంది. నజ్లా అడిగింది. కాదన్నారు. రిజిస్టరులో పధ్నాలుగు నెలల కన్నం ఉంది. 1986 జూన్‌లో తల్లీబిడ్డా ‘ట్యునీసియాకు తరలిపోయారు’ అని రాసి కొట్టేశారు. మళ్ళీ ఎక్కించింది ఏడాది దాటాక. నజ్లాకు పంతొమ్మిది నిండడానికి ఇంకా పదమూడు రోజులుంది. నజ్లా కోరుకుంటున్న, తీర రక్షక దళంలోని రేడియో ఉద్యోగం పౌరులకు తప్ప ఇవ్వరు.

ఆ కన్నం ఎలా పడిందో మబ్రూకా పోయిన వారం కూతురి ముందు ఒప్పుకుంది. ‘నేనే చేశానమ్మా. ఊరికి వెళ్ళేముందు ఆఫీసులో గాస్పరే గారి దగ్గరకు మన్నింపు అడగడానికి వెళ్ళాను. ఆయన కాగితం ఇస్తే వేలిముద్ర వేశాను. ఏం రాసుందో నాకేం తెలుసు?’

అప్పటినుంచి నజ్లా తల్లితో మాట్లాడడం లేదు.

*

శుక్రవారం పొద్దున మబ్రూకా కుస్కుస్ నూకకు మొదటి ఆవిరి పట్టి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి, చెయ్యి కాలుతున్నా ఉండలు చిదిపి, పైన తడిగుడ్డ కప్పింది. రెండో ఆవిరి మధ్యాహ్నం పట్టాలి. శుక్రవారం నమాజు అయ్యాక సీ మున్సిఫ్ భోజనానికి వస్తారు (‘సీ’ అంటే మా వైపు ‘గారు’ అన్నట్టు). ఆయన ఇక్కడి మా ట్యునీసియా పిల్లల బడిలో అరబ్బీ మాస్టారు. బడి పెట్టకముందు, అంటే తీజానీ బతికున్న రోజుల్లో, పడవలవాళ్ళందరికీ ఉత్తరాలు రాసిపెట్టేవారు. తీజానీ పోయిన ఏటినుంచి ఒక్క శుక్రవారం తప్పకుండా ఈ గడప తొక్కుతున్నారు. రెండు చలికాలాలుగా మబ్రూకాకు అక్షరాలు నేర్పుతున్నదీ ఆయనే. నజ్లా అర్జీ కూడా తనే రాసి తెస్తానన్నారు.

“నడు, వెళ్దాం,” అంది మబ్రూకా గౌను మీద పైగుడ్డ సర్దుకుంటూ.

నజ్లా రేడియో చెవి మెలితిప్పి కట్టేసి, కాగితాల సంచీ భుజాన వేసుకుంది.

ఆ రేడియో తీజానీ కొన్నది. పడవలు ఒకదాన్నొకటి పిలుచుకునే మాటలు అందులో వినిపిస్తాయి. రేవులో ప్రతి వంటింట్లోనూ ఒకటుంటుంది; పొయ్యి మీద గిన్నె, గూట్లో రేడియో. నజ్లా నాలుగేళ్ళప్పుడే గరగరల మధ్య నాన్న గొంతు పట్టేసేది. ‘ఉష్, నాన్న తుమ్మాడు,’ అనేది. తల్లికి గరగర తప్ప ఏమీ వినపడేది కాదు. నెలకు ఇరవై అయిదు రోజులు ఆ ఇంట్లో తండ్రి అంటే ఆ చెక్కపెట్టె. ఆఖరిసారి మాత్రం అది మూడు రోజులు గరగరలాడి ఊరుకుంది. అప్పటికి నజ్లాకు పదకొండేళ్ళు. ‘అవతల వినేవాళ్ళు బాగా వినుంటే నాన్న దొరికేవాడు,’ అంది. ఆ మాట తర్వాత ఎన్నడూ అనలేదు కానీ చదివిన ప్రతి చదువూ ఆ వైపుకే చదివింది.

గాస్పరే బుర్జో ఇల్లు చర్చి వెనక మేడ మీద. భార్య పోయి, ఉద్యోగం అయిపోయి, డెబ్బయ్ మూడేళ్ళ ముసలాయన ఒక్కడే ఉంటాడు.

“రండి రండి. మూడో మెట్టు ఊగుతుంది, జాగ్రత్త. నేనూ ఊగుతున్నాననుకోండి, దానికి మేస్త్రీ దొరకడు,” అన్నాడు పైనుంచి. మబ్రూకాతో ఆయన మాట ఎప్పుడూ అరబ్బీలోనే, అదీ ట్యూనిస్ రేవు యాసలో. ఇరవై ఏళ్ళ కిందట ఈ ఊరు వచ్చిన కొత్తలో, ఆఫీసు కౌంటరు వెనకనుంచి ఆ యాస వినపడి మబ్రూకా ఏడ్చేసింది. ఈ దేశంలో తనకు అర్థమయ్యేలా ‘కూర్చో అమ్మా’ అన్న మొదటి మనిషి ఆయనే.

కాఫీ తెచ్చాడు. ఒక్కో కప్పులో నారింజపూల నీళ్ళు రెండేసి చుక్కలు వేశాడు. ఆ వాసనకు మబ్రూకాకు పుట్టిన ఊరు మహ్దియాలో అమ్మ వంటిల్లు, గోడకు ఆనించిన నీళ్ళ కూజాలు, అన్నీ ఒక్కసారిగా ముక్కులోకి వచ్చాయి.

“మేము కాఫీకి రాలేదు సిన్యోర్,” అంది నజ్లా నిలబడే.

“తెలుసు. అచ్చం తీజానీ ముక్కు, దాని మీద అదే కోపం. కూర్చునైనా తిట్టవచ్చు కదా బిడ్డా, నాకు మెడ నొప్పి.”

నజ్లా కూర్చుంది. “మా అమ్మ మీ దగ్గరకు వచ్చింది మన్నింపు అడగడానికి మాత్రమే, వెళ్ళిపోతున్నానని చెప్పడానికి కాదని మీరు ఆఫీసుకొచ్చి చెప్పాలి. అంతే నాక్కావలసింది.”

“చెప్తే? చట్టం చట్టమేగా. పుట్టిన చోటు ఒక్కటే ఈ దేశానికి చాలదు. నేను రాసింది కాదు.”

“మీ అన్నగారి మనవడు పోయినేడు అర్జెంటీనా నుంచి వచ్చాడు, గుర్తుందా? బేకరీలో నా ముందే నిలబడ్డాడు. రొట్టె అనడం రాక వేలు చూపించాడు. నేనే అడిగి ఇప్పించాను. అతనికి పౌరసత్వం ఎన్ని నెలల్లో వచ్చింది?”

ముసలాయన కప్పులోకి చూశాడు. “ఎనిమిది.”

“వాళ్ళ తాత ఎప్పుడో ఓడెక్కిపోయాడు. అతను ఈ ఊరు చూడ్డమే అదే మొదలు. నేను ఈ ఊళ్ళో పుట్టాను. ఈ ఊరి బళ్ళో చదివాను. సాన్ వీతో చర్చి పండగ ఊరేగింపులో ఆరేళ్ళు మీ పిల్లలతోపాటు పూలబుట్ట మోశాను, ఇంటికొస్తే మా అమ్మ తిట్టేది. నన్నేమో నువ్వెవరు అంటారు.”

“వాడిది రక్తం బిడ్డా. మా చట్టానికి రక్తం కనిపిస్తుంది, మట్టి కనిపించదు.”

“మరి మీ మట్టి ఏది?”

“నజ్లా!” అంది మబ్రూకా.

“అడగనీ,” అన్నాడు గాస్పరే. కిటికీలోంచి దక్షిణం వైపు, సముద్రం వైపు చూశాడు. “అడగాల్సిన మాటే. నేను ట్యూనిస్ పక్కన లా గూలెట్‌లో పుట్టాను. మా నాన్నా అక్కడే, మా నాన్న వాళ్ళ నాన్నా అక్కడే. అందరం కాలవ పక్కన చేపలు పట్టుకునేవాళ్ళం. ఫ్రెంచివాళ్ళు వచ్చి ఇక్కడ పుట్టారు కనక మీరు మావాళ్ళన్నారు. ఇటలీవాళ్ళు ‘కాదు, రక్తం మాది’ అన్నారు. తర్వాత ట్యునీసియా వాళ్ళు, మీరు ఎవరివాళ్ళయినా సరే, మూటలు కట్టండన్నారు. మమ్మల్ని లాగినవాళ్ళున్నారు, తోసినవాళ్ళున్నారు. నువ్వెక్కడివాడివిరా గాస్పరే అని అడిగినవాడు లేడు.”

నజ్లా సంచీ భుజం మీంచి దించి ఒళ్ళో పెట్టుకుంది.

“బయల్దేరిన పొద్దున మా అమ్మ కాలవ పక్క ఇళ్ళన్నీ తిరిగింది. ముస్లిముల ఇల్లు, యూదుల ఇల్లు, మాల్టావాళ్ళ ఇల్లు, ఒక్క గడప వదల్లేదు. ‘నా వల్ల మీ మనసు నొచ్చుంటే మన్నించండి’ అని అడిగింది, అరబ్బీలోనే. పక్కింటి ముసలమ్మ మా అమ్మ చెయ్యి వదలదు. కోడిపెట్టని కూడా ఆమెకే ఇచ్చేశాం. పెట్ట మాత్రం మా వెనకే రేవుదాకా వచ్చింది.” ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “అందుకని మబ్రూకా, నువ్వు ఆ రోజు చంకన పిల్లతో కౌంటరు ముందు నిలబడి అదే మాట అడిగినప్పుడు నా గుండె గుభేలుమంది. ఈ పిల్ల మరి తిరిగి రాదు, చెప్పలేకపోతోంది అనుకున్నాను.”

మబ్రూకా నోరు తెరిచింది.

“అయ్యో సీ గాస్పరే! మేము నలభై రోజులకు వెళ్ళినా అడుగుతాం. పడవ ఎక్కుతున్నామంటే చాలు, అడుగుతాం. సముద్రం కదా! దాటేదాకా ఎవరికి తెలుసు? చేపల దుకాణంవాణ్ణి అడిగాను, మంత్రసానిని అడిగాను, కింద కుట్టుపని చేసే ఆవిడతో నాకు మాటల్లేకపోయినా ఆవిణ్ణీ అడిగాను. మా అమ్మకు మనవరాలిని చూపించి నలభై ఒకటో రోజుకు మళ్ళీ ఇక్కడే ఉన్నాను.”

“మా ఇంట్లో ఆ మాట ఒక్కసారే అన్నారు,” అన్నాడు ముసలాయన మెల్లగా. “మళ్ళీ అనే అవసరం రాలేదు.”

కిందనుంచి చేపలు అమ్మేవాడి కేక పైకి వచ్చి పోయింది.

ఆయన లేచి, బీరువాలోంచి నల్ల అట్ట ప్రార్థనల పుస్తకం తీశాడు. అది వాళ్ళ అమ్మది. అందులోంచి నాలుగు మడతల కాగితం తీసి నజ్లాకిచ్చాడు. “మీ అమ్మ వేలిముద్ర వేసింది దీని మీద. చదువు. పైకి చదువు.”

నజ్లా విప్పింది. ఊదారంగు సిరా వెలిసిపోయింది.

“‘గాస్పరే బుర్జో అనే నేను, మన్నించడానికి ఏమీ లేకపోయినా, అడిగింది కనక తీజానీ భార్య మబ్రూకాను మన్నించాను. నన్నూ ఆమె మన్నించాలి. చల్లగా వెళ్ళు. 1986 జూన్ 12.’” నజ్లా కాగితం వెనక్కి తిప్పి చూసింది. “అమ్మా... ఇంకేం లేదు. కింద నీ వేలు. అంతే.”

ఎనిమిది రోజుల తర్వాత కూతురి నోట ‘అమ్మా’ వినపడింది. మబ్రూకా చెయ్యి చాచి ఆ ముద్రను తాకింది. ఎంత చిన్న వేలు అది. అప్పటికి తనకు ఇరవై ఆరేళ్ళు. కాగితం మీద ఏముందోనని ఎన్ని పొద్దులు కుమిలింది! ఉన్నది ఇదా?

“నాకు కాగితం ఎందుకిచ్చారు మరి?” అంది.

“నువ్వే మారాం చేశావు. నోటితో అంటే సరిపోదు, ఆఫీసు కదా, రాసి ఉంచండి, వేలిముద్ర వేస్తాను అన్నావు.” ముసలాయన ఈసారి నిజంగా నవ్వాడు. “ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను మనసుపెట్టి రాసిన కాగితం ఇదొక్కటే. ఫైల్లో పెట్టబుద్ధి కాలేదు.”

“అయితే మమ్మల్ని కొట్టేసింది ఎవరు?” అంది నజ్లా.

నవ్వు పోయింది. ఆయన బల్ల సొరుగు లాగి ఒక జిరాక్సు తీశాడు. “నువ్వు కబురు పెట్టాక నిన్న ఆఫీసుకెళ్ళి పాత కట్టలు తీయించాను. పడవ యజమానుల దగ్గరనుంచి పనివాళ్ళ కాగితాలు కట్టగా వచ్చేవి. జూన్ 20న ఆ కట్టలో ఇది వచ్చింది. ‘నా భార్యా కూతురూ శాశ్వతంగా స్వదేశం వెళ్ళిపోయారు, పేర్లు తీసేయండి.’ పైన టైపు చేసిన ఇటాలియన్. కింద ఇంటిపెద్ద సంతకం, అరబ్బీలో. నాకు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ఎవరినైనా పిలిచి అడగాల్సింది. అడగలేదు. అంతకు వారం ముందే మబ్రూకా, నువ్వు మన్నింపు అడిగి వెళ్ళావాయె. ఇదిగో, అనుకున్నంతా అయింది అనుకుని నా చేత్తో నేనే గీత కొట్టాను. తర్వాత నన్ను శ్మశానం లెక్కలకు మార్చారు. నువ్వు తిరిగొచ్చావని కూడా నాకు ఏడాదిదాకా తెలియదు.”

నజ్లా జిరాక్సు మీదకు వంగింది. “నాన్న? నాన్న మమ్మల్ని తీసేయమన్నాడా?”

మబ్రూకా కాగితం తీసుకుంది. కుడినుంచి ఎడమకు, వేలు పెట్టి, కూడబలుక్కుంది. త... తీ... జా... నీ. తీజానీ. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొగుడి పేరు తన కళ్ళతో తాను చదవడం ఇదే మొదటిసారి. ఎంత అందంగా ఉంది! ఆ క్షణం మిగతా అంతా మరిచిపోయింది.

తర్వాత గుర్తొచ్చింది.

“జూన్ ఇరవై అన్నారా? ఆయన పదో తారీఖునే సముద్రం మీదకు వెళ్ళారు. నెలాఖరుదాకా రారు కనకే నేను ఊరెళ్ళింది.”

“ముందే రాసిచ్చి వెళ్ళాడేమో.”

“మా ఆయనా? రాసా?” మబ్రూకాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళతో. “సీ గాస్పరే, నాకు వేలుండేది, ఆయనకు అదీ ఉండేది కాదు. తాళ్ళు లాగి లాగి వేళ్ళు అరిగిపోతే ముద్ర పడక అడ్డగీత గీసేవారు.”

నజ్లా అప్పటికే సంచీ బోర్లించింది. టీకాల కార్డులు, బడి కాగితాలు బల్లనిండా పడ్డాయి. వాటిలోంచి జనన పత్రం లాగింది. “ఇదిగో! చూడండి. ‘తండ్రి తనకు రాయడం రాదని చెప్పినందున సంతకం లేదు.’ మీ ఆఫీసు ముద్రే ఇది!”

గాస్పరే కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. “జననాల పుస్తకం పక్క గదిలో ఉండేది. గోడ అవతలే. నేను లేచి నాలుగడుగులు వేసుంటే...”

“సిన్యోర్, ఇప్పుడేమవుతుంది?”

“సంతకం మీ నాన్నది కాకపోతే ఆ కాగితం చెల్లదు. అది చెల్లకపోతే నేను కొట్టిన గీతా చెల్లదు. ఆ పధ్నాలుగు నెలలూ పూడిపోతాయి.” ఆయన లేచి నిలబడ్డాడు, అంతలోనే మళ్ళీ కూలబడ్డాడు. “నేనొచ్చి చెప్తాను, నా తప్పుతో సహా. కానీ వాళ్ళు ఊరుకోరు. అతనిది కాకపోతే ఎవరిది అంటారు. పదమూడు రోజుల్లో ఆ చెయ్యి ఎవరిదో ఎక్కడ వెతుకుతాం? అప్పట్లో అరబ్బీ రాయడం వచ్చినవాళ్ళు ఈ రేవులో ఎంతమంది?”

మబ్రూకా ఆ మాటలు వినడం లేదు. కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూస్తోంది. తీజానీలోని మధ్య అక్షరం పొట్టలో చుక్క సరిగా మధ్యన లేదు, పక్కకు జరిగి ఉంది. చివరి అక్షరం తోక వెనక్కి తిరిగి, గాలంలా పైకి లేచింది. రెండు చలికాలాలు ఆ గాలాన్ని నల్లబల్ల మీద చూసింది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పలక మీద అలాగే రావాలని వందసార్లు దిద్దింది. చదువుకున్నవాళ్ళకు పదిమంది దస్తూరీలు తెలిసుంటాయి. ఆమెకు లోకంలో ఒక్కరిదే తెలుసు.

“అమ్మా? ఏంటి? ఎవరిదమ్మా?”

మబ్రూకా కాగితం మడిచి గుండెల దగ్గర దోపుకుంది. “సీ గాస్పరే, కోటు వేసుకోండి.”

“ఎక్కడికి?”

“మా ఇంటికి. ఇవాళ చేపల కుస్కుస్. రెండో ఆవిరి పడితే చాలు. మీరు మా ఇంట్లో తిని ఎన్నేళ్ళయింది?”

“ఇప్పుడు భోజనమేంటమ్మా!” అంది నజ్లా.

“నడవమ్మా. నలుగురం కూర్చుంటాం.”

సందు మొదట్లోకి వచ్చేసరికే నమాజు అయిపోయింది. సీ మున్సిఫ్ అప్పటికే మబ్రూకా ఇంటి గుమ్మం దగ్గర ఉన్నారు. శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా, ఒక చేతిలో మిఠాయి పొట్లం, చంకలో ఫైలు, జేబులో ఎప్పటిలాగే కలం. గాస్పరేను చూసి ఒక్క క్షణం ఆగారు. వెంటనే నవ్వారు.

“అర్జీ పూర్తయిందమ్మా నజ్లా! రెండు రాత్రులు కూర్చుని రాశాను. ఇక సాక్షిగా మీ అమ్మ సంతకమే తక్కువ.” మబ్రూకా వైపు తిరిగి, పాఠంలో ఆటపట్టించే గొంతుతో అన్నారు. “నువ్వు ఒక్కో అక్షరానికీ పావుగంట తీసుకుంటావు, కుస్కుస్ చల్లారిపోతుంది. కావాలంటే నీ పేరు నేనే రాసేస్తాలే. ఎవరికి తెలుస్తుంది?”

మబ్రూకా చెయ్యి చాచి, ఆయన జేబులోంచి కలం తనే తీసింది. మూత విప్పింది. దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

“నా పేరు నేను రాసుకుంటాను సీ మున్సిఫ్, ఎంతసేపు పట్టినా సరే. మీరు ముందు ఒక్కటి రాయండి. ఇదిగో, ఈ ఫైలు అట్ట మీదే. మా ఆయన పేరు రాయండి.”

షెరీఫా గమ్రా
అరవై తొమ్మిదేళ్ళు
ప్రస్తుతం పాలెర్మోలో, పెద్దకూతురి ఇంట్లో